పసుపుదారం కట్టిన కోడి

కోళ్లు పెంచడం ఏమంత పని అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండిపోతుంది. అట్లా అనేవాళ్లు తిన్నవాళ్లే తప్ప పెంచినవాళ్లు కారు. తెల్లవారక ముందే లేవాలి. గంప ఎత్తి ఒక్కో పెట్టనూ చంకలో ఇరికించుకుని, ఆ పూట గుడ్డు ఉందో లేదో వేలు పెట్టి చూడాలి. ఉన్నదాన్ని మళ్లీ గంప కింద కమ్మెయ్యాలి. లేకపోతే అది ఎవరి గడ్డివాములోనో పెట్టి వస్తుంది, ఆ గుడ్డు నాదంటే నాదని ఇద్దరు ఆడవాళ్లు జుట్లు పట్టుకుంటారు. రెట్టలు ఊడవాలి. పగలు గద్దను చూసుకోవాలి, పొద్దుగూకితే జంగపిల్లిని చూసుకోవాలి. ఇంత చేసీ ఒక ముక్క నోట్లో పడుతుందా? మా సాలక్కకు ఎన్నడూ పడలేదు.

సాలక్క అంటే సాలమ్మ. చిట్యాలకు ఆ పక్కన మా ఊరు. ఊరి బయట మా వాడ. ఆమె ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒకటే మట్టిగోడ, అదీ సగం కూలిందే. నేను కోడలినై వచ్చేనాటికే ఆమెది నడివయసు. ఎండిన కందికట్టెలా పొడుగ్గా ఉండేది. మనుషులతో తక్కువ, కోళ్లతో ఎక్కువ మాట్లాడేది. "నీ పాడుగాను, మల్ల పక్కింటి దొడ్లెకే పోతున్నవా?" అని అరిస్తే, నన్నే అంటుందేమోనని నేను గోడ దగ్గర ఉన్నచోటే నిలబడిపోయేదాన్ని.

ఇది పోలీసు యాక్షన్‌కు నాలుగైదేళ్ల ముందటి ముచ్చట. అప్పటికింకా మా ఊళ్లోకి దొరలను ఎదిరించే సంఘం రాలేదు. గడిలో దొర ఏమంటే అది, గడి మనుషులు ఏమంటే అది. సాలక్క మొగుడు బాలస్వామి వెట్టికి పోయి మూటలు మోసీ మోసీ వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంటే, మళ్లీ పిలుపు వచ్చేదాకా లేచేవాడు కాదు. మంచివాడే. ఆ మంచితనంతో ఆమెకు ఒరిగింది మాత్రం ఏమీ లేదు.

మా వైపు ఆడవాళ్లలో ఒక ఆనవాయితీ ఉండేది. బిడ్డ తొలికాన్పుకు తల్లిగారింటికి వచ్చి, చంటిపిల్లను ఎత్తుకుని అత్తగారింటికి తిరిగి పోయేటప్పుడు తల్లి ఒక పిల్లల కోడిని వెంట పంపేది. కోడి, దాని కింద పిల్లలు, అన్నీ ఒక గంపలో. ఆ కోడి మీద గానీ, దాని సంతానం మీద గానీ మొగుడికి హక్కు లేదు, అత్తకు లేదు. గుడ్డు అమ్ముకున్నా, పొదగేసుకున్నా ఆ ఆడమనిషి ఇష్టం. గుంటెడు భూమి లేనివాళ్లం, బంగారం మాట సరేసరి. ఇది నాది అని చెయ్యి పెట్టి చూపించుకోవడానికి మాకు ఆ కోడి ఒక్కటే. సాలక్క కోళ్లు ఆమె తల్లి పంపిన కోడి సంతానం. ఆ తల్లికి తన తల్లి పంపింది. గోధుమ రంగు మీద నల్ల చుక్కలు, పొట్టి కాళ్లు, కూర్చుందంటే పిడుగు పడినా లేవని జాతి.

ఆ ఏడు సాలక్క బిడ్డ నాగులమ్మ తొలికాన్పుకు వచ్చింది. మోత్కూర్ అవతల ఒక పల్లెకు ఇచ్చారు ఆ పిల్లను. సాలక్కకు ఆమె ఒక్కతే. ఇద్దరు పుట్టి పోయిన తరవాత మిగిలిన పిల్ల. అత్తగారింట్లో తిండికి ముందు, పనికి వెనక అని పేరు పెట్టారట ఆమెకు. చూస్తే చేతులు సన్నగా పుల్లల్లా ఉన్నాయి, కడుపు ఒక్కటే కనబడుతోంది. "దాని చేతుల కోడిని పెట్టి తోలియ్యాలె జానమ్మా. ఇంకేమియ్యకున్నా సరే" అంది సాలక్క నాతో. నెలలు దగ్గర పడగానే చుక్కల పెట్టను పొదగేసింది. గంపలో ఊక పోసి, గుడ్లు పేర్చి, ఉరుముకు గుడ్లు చెడిపోకుండా ఒక ఇనుప మేకు, ఒక బొగ్గు ముక్క, రెండు ఎండు మిరపకాయలు మధ్యలో పెట్టి, గంపను గుడిసె మూలకు జరిపింది. కాన్పు అయ్యేసరికి పిల్లలు బయటికి వస్తాయి, బిడ్డ పోయేనాటికి వాటికి రెక్కలు వస్తాయి అని ఆమె లెక్క. ఆ లెక్కలో గడి ఒక్కటి లేదు.

గడికి గిర్దావర్ వచ్చినా, అమీన్ వచ్చినా, తాసిల్దార్ వచ్చినా, ఏ సర్కారు అధికారి వచ్చి దిగినా మొకాం అనేవాళ్లు. మొకాం అంటే కోళ్లు. వాళ్ల గుర్రాలకు గడ్డి మేమే, వాళ్ల వంటకు కట్టెలు మేమే, వాళ్ల పళ్లెంలోకి కోళ్లూ మావే. అడిగి తీసుకోవడం అనే మాటే లేదు. మస్కూరి ఎల్లస్వామి, అంటే గడి చెప్పిన పనికి ఊరంతా తిరిగే నౌకరు, భుజాన గంప వేసుకుని వాడలోకి దిగేవాడు. అతను పరాయివాడు కాదు, మా వాడవాడే, సాలక్కకు వరసకు మరిది. అతన్ని చూడగానే ఆడవాళ్లు కోళ్లను తరిమేవాళ్లు. అవి ఎగిరి, అరిచి, మేమున్నామని ఊరందరికీ చెప్పేవి. వాటి తెలివి అంతే మరి!

ఒకనాడు అతను సాలక్క వాకిట్లో నిలబడ్డాడు.

"వదినే, ఏమనుకోకు. తాసిల్దార్ సాబ్ వస్తుండట. కోళ్లు గావాలన్నరు."

"మొన్న గిర్దావరొస్తే పుంజును తీస్కపోతివి. అంతకుముందు రెండు పెట్టలను తీస్కపోతివి. ఇంక నేనే ఉన్న, నన్ను గంపలేస్కొని పో."

"లోపట ఒకటున్నది గద."

"అది గుడ్ల మీద కూసున్నది. కండ్లు కనవడ్తలెవ్వా నీకు?"

"కనవడ్తున్నయి వదినే. నేనేం జెయ్యాలె చెప్పు? వట్టి గంప తీస్కపోతే నా వీపు పలుగుతది."

అతను అబద్ధమాడలేదు. అతని వీపు మేమంతా చూసిందే. తల వంచి గుడిసెలోకి దూరి గంప వైపు చెయ్యి చాచాడు. కోడి ఒళ్లంతా ఉబ్బించి కుర్రుమంది. అప్పుడు సాలక్క నోట్లోంచి ఒక మాట వచ్చింది.

"దాన్ని ముట్టకు. మైసమ్మకు మొక్కిన."

ఎల్లస్వామి చెయ్యి సర్రున వెనక్కి వచ్చింది. "ఎప్పుడు మొక్కినవ్?"

"నా బిడ్డ కాన్పు మంచిగ కావాలెనని మొక్కిన. నీకు జెప్పి మొక్కాల్నా?"

మొక్కిన జీవాన్ని ఎవడు ముడతాడు? దొరకైనా భయమే. ఎల్లస్వామి ఆ కోడికే రెండు చేతులూ జోడించి, వెనక్కి నడుచుకుంటూ బయటికి వచ్చాడు. అతను సందు తిరిగేదాకా ఉండి, సాలక్క చీర కొంగు నుంచి ఒక దారం పీకి, పసుపులో ముంచి, కోడి కాలికి కట్టింది. నేను గోడ మీంచి చూస్తూనే ఉన్నాను.

"నిజంగనే మొక్కినవా అక్కా?" అన్నాను.

"ఇప్పుడు మొక్కిన" అంది.

అక్కడితో అయిపోతే బాగుండేది. మా వాడలో ఒకరికి తెలిసిందంటే అందరికీ తెలిసినట్టే. మర్నాటికి బక్కమ్మ కోళ్లకు పసుపుదారాలు వచ్చాయి. ఆ తరవాత వాళ్ల పక్కింట్లో. నేను మాత్రం ఊరుకుంటానా? నా నల్ల పెట్టకూ కట్టాను. పుంజులకు కట్టారు, పెట్టలకు కట్టారు, ఈకలు కూడా సరిగా రాని పిల్లల కాళ్లకు కట్టారు. వాడంతా పసుపు కాళ్లే తిరుగుతున్నాయి. మేం నవ్వుకున్నాం కూడా. చాలా రోజుల తరవాత మాకు నవ్వు వచ్చిందప్పుడు. సాలక్క ఒక్కతే నవ్వలేదు. "ఒకదానికి గడితే మొక్కంటరు. గిన్నిటికి గడితే ఎవడు నమ్ముతడే? దారాలిప్పుండ్రి, మీకు దండం బెడ్త" అని ఇల్లిల్లూ తిరిగింది. ఎవరు విన్నారు? నీ కోడి నీకు ఎంతో మా కోడి మాకూ అంతే అన్నారు. ఆ మాటా తప్పు కాదు.

తాసిల్దార్ రాక వారం వాయిదా పడింది. ఎల్లస్వామి మళ్లీ గంప పట్టుకుని వచ్చాడు. ఏ ఇంటికి పోయినా పసుపు కాళ్లే. వట్టి గంపతో పోయాడు. గడి ముంగిట్లో ఎండకు అతన్ని వంగబెట్టి వీపు మీద రాయి పెట్టారు. పొద్దు నడినెత్తిన ఉన్నప్పుడు పెట్టిన రాయిని నీడలు సాగాక దించారు. అతను చెప్పింది ఒకటే, "కోళ్లన్నీ అమ్మవారికి మొక్కినయి దొరా, నేను ముట్టలేదు" అని.

తెల్లారి గడి గుమాస్తా రామచంద్రయ్య వాడకు వచ్చాడు. ఆయన ఎన్నడూ అరిచే మనిషి కాదు. ఆకువక్క నములుతూ నవ్వుతూ మాట్లాడేవాడు. అందుకే ఆయనంటే మాకు ఎక్కువ భయం.

"ఏమమ్మా, గింత భక్తి ఉన్న వాడను నేనెన్నడు చూడకపోతిని! దొరవారు శాన సంబురపడ్డరు" అన్నాడు. "మొక్కులు బాకీ పెట్టుకుంటే తల్లికి కోపమొస్తది. గత్తరొచ్చి ఊరు వల్లకాడైతది. గందుకనే వచ్చే ఆదివారం మైసమ్మ పండుగ జేస్తున్నం. బైండ్లాయనకు కబురు పోయింది. దారమున్న కోడి ఒక్కటి గూడ ఇంట్ల ఉండొద్దు. అన్నీ తల్లికి జెల్లాలె."

ఆయన పోబోతూ ఆగి, మరిచిపోయినట్టు అన్నాడు: "కోసినదాంట్ల సగం గడిది. గది మీకు తెల్వంది గాదు. ఆ రోజే తాసిల్దార్ సాబ్ గూడ వస్తుండు."

గడి వాటా ఆనవాయితీయే. కానీ ఎప్పుడో ఏడాదికి ఒక కోడి కోసుకునే పండుగకు ఆ వాటా. ఇప్పుడు వాడ వాడంతా కోళ్లు కొయ్యాలి. దారాలు ఇప్పేస్తే? అబద్ధం ఆడామని ఒప్పుకున్నట్టు. అప్పుడు కోళ్లూ పోతాయి, వీపులూ పోతాయి. మా దారాలతో మమ్మల్నే కట్టేసి పోయాడు ఆ మహానుభావుడు!

ఆ సాయంత్రం సాలక్క ఇంట్లో మాటలు గోడ ఇవతలికి వినబడ్డాయి. బాలస్వామి అన్నాడు, "ఇప్పెయ్ సాలీ. పిల్లలు రెండు మూడు దినాలల్ల వస్తయి. మొక్కలేదని చెప్దాం. కొడితే నన్ను కొడ్తరు, తింట."

"గడికి భయపడి గాదయ్యా" అంది సాలక్క. "తల్లి పేరు వెట్టి అంటి. నా బిడ్డ కాన్పుకని అంటి. ఇప్పుడు లేదంటే ఆ తల్లి ఊకుంటదా? పిల్ల లోపట నెలలు నిండి పండుకున్నది."

"నాకు కోడి వద్దమ్మా, ఏమొద్దు" అని నాగులమ్మ లోపలి నుంచి ఏడ్చింది.

"నువ్వు సప్పుడు జెయ్యక పండు" అంది తల్లి. ఇద్దరు పిల్లలను పూడ్చిపెట్టిన మనిషి మైసమ్మతో బేరమాడగలదా? నేనైనా ఆడగలనా?

ఆదివారం రానే వచ్చింది. సాలక్క కోడిని ఎత్తడానికి నన్ను తోడు పిలిచింది. ముందు గోరువెచ్చని నీళ్లలో ఒక గుడ్డు వేసి చూసింది. బతికిన పిల్ల ఉంటే నీళ్లలో గుడ్డు తనంతట తానే కదులుతుంది. కదిలింది. ఒకటి చెవి దగ్గర పెట్టుకుని నాకూ పెట్టింది. లోపల ముక్కుతో గీకుతున్న చప్పుడు. కోడి పొట్ట కింద ఈకలు లేవు, గుడ్లకు వేడి తగలాలని అదే పీక్కుంది. ఆ పొట్ట మీద చెయ్యి పెడితే జ్వరం వచ్చిన పిల్ల నుదుటిలా కాలింది. సాలక్క గుడ్ల మీద ఊక సర్ది, పాత గొంగడి కప్పి, "గంప మీద చెయ్యి వెట్టుకొని కూసో బిడ్డా" అని నాగులమ్మకు చెప్పి, కోడిని కొంగులో చుట్టుకుని బయలుదేరింది.

పొలిమేరలో తుమ్మచెట్టు కింద మైసమ్మ రాయి. డప్పులు కొడుతున్నారు. పొద్దున్నుంచి కోస్తూనే ఉన్నారు. నా నల్ల పెట్ట పోయింది, బక్కమ్మవి పోయాయి. మా దగ్గర బలికి ఒక పద్ధతి ఉంది. జీవం మీద నీళ్లు చల్లుతారు. అది ఒళ్లు విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు. విదిలించకపోతే ఒప్పుకోనట్టు, దాన్ని వదిలిపెట్టాలి. వదిలిన జీవాన్ని ఇక ఏనాడూ ఎవరూ ముట్టరు. అన్ని కోళ్లూ రెండు చుక్కలు పడగానే విదిలించాయి.

సాలక్క కోడిని కింద పెట్టి పట్టుకుంది. అమ్మవారి పూజారి బైండ్లాయన నీళ్లు చల్లాడు. కోడి కదల్లేదు. మళ్లీ చల్లాడు. కళ్లు సగం మూసుకుని అట్లాగే కూర్చుంది. పొదిగే కోడి సంగతి పెంచినవాళ్లకు తెలుసు. గుడ్ల మీంచి తీసి ఎక్కడ పెట్టినా, ఇంకా గుడ్ల మీదే ఉన్నట్టు కూర్చుంటుంది. డప్పులు ఆగిపోయాయి. మూడోసారి చల్లి బైండ్లాయన చెంబు కింద పెట్టాడు.

"తల్లి ఒప్పుకుంటలేదు" అన్నాడు.

జనంలో గుసగుస లేచింది. సాలక్క తలెత్తి రాయి వైపు చూసింది. ఆమె ముఖం అట్లా ఉండగా నేను అంతకు ముందు చూడలేదు, తరవాతా చూడలేదు. పెదవులు కదులుతున్నాయి. వదిలెయ్ తల్లీ, వదిలెయ్ అని నా మనసులో నేనూ అనుకుంటున్నాను.

రామచంద్రయ్య ఆకువక్క ఉమ్మేసి, "నీళ్లు తక్వైనయి. కుండ పట్టుకరా" అన్నాడు.

బైండ్లాయన ఆయన ముఖం చూశాడు. చూసి, కుండ ఎత్తి నెత్తి మీంచి గుమ్మరించాడు. కోడి నిలువునా తడిసి ముద్దయింది. ఊపిరాడక లేచి, రెక్కలు చాచి, ఒళ్లంతా విదిలించింది.

"ఒప్పుకున్నది!" అన్నాడు రామచంద్రయ్య. డప్పులు మళ్లీ మొదలయ్యాయి.

"కుండెడు నీళ్లు వోస్తే నువ్వు గూడ విదిలిస్తవు" అంది సాలక్క. గట్టిగా అనలేదు. డప్పుల్లో రామచంద్రయ్యకు వినబడలేదు. పక్కనే ఉన్న ఎల్లస్వామికి వినబడింది, తల దించుకున్నాడు.

ఆమె కోసిన కోడిలో తన వాటా తీసుకోవడానికి కూడా నిలబడలేదు. ఇంటికి వచ్చి గంప చుట్టూ చేతులు వేసి పడుకుంది. గొంగడి తనమీదా గంపమీదా కప్పుకుంది. గుడ్లను ఒక్కొక్కటే తీసి పొట్టకు ఆనించుకునేది, చల్లబడ్డదాన్ని పెట్టి ఇంకొకటి తీసేది. బాలస్వామి ఎవరూ చెప్పకుండా లేచి, పెంకులో ఊక వెచ్చచేసి తెచ్చిపెట్టాడు. నాకు తెలిసి ఆ మనిషి తనంతట తాను లేచింది ఆ రోజే. మర్నాడు నాగులమ్మకు నొప్పులు మొదలయ్యాయి. సాలక్క ఇటు బిడ్డ నడుము పట్టేది, అటు గుడ్లు తిప్పేది. "నువ్వొక్క గడియ నడుం వాల్చక్కా, నేను చూస్త" అంటే వినలేదు. "వాలిస్తే లెవ్వనే" అంది. ఆడపిల్ల పుట్టింది. గుడ్లు సగం చచ్చిపోయాయి. మిగిలిన సగంలోంచి తడితడిగా పిల్లలు బయటికి వచ్చాయి.

వాటికి తల్లంటే సాలక్కే. ఆమె ఎటు పోతే అటు కాళ్లకు అడ్డం పడేవి. పాత కుండలో పేడా చొప్పా కుక్కి బోర్లించి, పట్టిన చెదలను వాటి ముందు దులిపేది. గద్ద నీడ పడితే కోడిలాగే అరిచేది, అవి వచ్చి ఆమె చీర కింద దూరేవి. కలుపుకు పోతే గంపలో పెట్టుకుని పోయేది. వాడలో ఎగతాళి చేశారు, సాలమ్మ కోడైపోయిందని.

"నాకన్న కోడి నయమే అనుకున్న. గుడ్ల మీద కూసుంటే దాన్నన్న ఎవరు లేపరనుకున్న. దాన్ని గూడ లేపిరి" అని నాతో అని, మళ్లీ చెదల కుండ దగ్గరికి పోయింది. చిక్కి సగమైంది ఆ రోజుల్లో. నిలబడి నిలబడే కునుకు తీసేది.

నాగులమ్మ అత్తగారింటికి పోయే రోజు వచ్చింది. చంటిపిల్ల భుజాన, గంప సాలక్క నెత్తిన. ఆమె గొంతు వినబడకపోతే పిల్లలు బెదిరి చస్తాయి. అందుకని మోత్కూర్ అవతలి ఆ పల్లెదాకా తానూ పోయి, అవి బిడ్డ గొంతుకు అలవాటు పడేదాకా అక్కడే ఉండి రావాలి. నేను వాడ చివరిదాకా సాగనంపడానికి పోయాను. గంపలో అవి కిచకిచమంటే ఆమె నడుస్తూనే కొక్కొక్కుమంటోంది.

బాట మలుపులో ఎల్లస్వామి ఎదురుపడ్డాడు. భుజాన వట్టి గంప ఉంది. మళ్లీ ఎవరో అమీన్ వస్తున్నాడట, మొకాం. వాడలో కోళ్లు లేవని అతనికీ తెలుసు, అయినా తిరగాలి. సాలక్క నెత్తి మీది గంపలోంచి చప్పుడు విన్నాడు. ఎవరైనా చూస్తున్నారా అని వెనక్కి చూసి, గొంతు తగ్గించాడు.

"వదినే, మైసమ్మకు మొక్కినవే గద అవి? అవునను, నేను పోత."

పాపం, ఆ మనిషి ఇవ్వగలిగిన సాయం అదొక్కటే. అవునంటే పోయేది. నేను అక్క చెయ్యి గిల్లాను, అనమని.

సాలక్క గంపను రెండు చేతులతో సర్దుకుంది.

"మొక్కలే. ఎవ్వలకు మొక్కలే" అంది. "ఇవి నా బిడ్డవి. తప్పుకో."

ఎల్లస్వామి బాట దిగి, కంచె ముళ్లకు వీపు ఆనించి, వాళ్లకు దారి ఇచ్చాడు.